తినడానికి మూడు మాటలు

తూర్పు జావాలో కెదిరి జిల్లా పారె ఊరంటే ఇండోనేసియాలో ఇంగ్లీషు నేర్చుకోవాలనుకునే కుర్రకారుకి బాగా తెలుసు. తులుంగ్రెజో, పెలెం అని పక్కపక్కనే రెండు పల్లెలు. ఏ సందులోకి తిరిగినా ఇంగ్లీషు బడి బోర్డు కనిపిస్తుంది. అద్దె సైకిళ్లెక్కిన పిల్లలు లొంబోక్ నుంచీ సులవేసి నుంచీ సుమత్రా నుంచీ వచ్చినవాళ్లు. దేశమంతా ఈ చోటుని 'కంపుంగ్ ఇంగ్రిస్' అంటుంది, అంటే ఇంగ్లీషు పల్లె. కలిమంతన్ నుంచి చదువుకోసం జావా వచ్చి, డబ్బు చాలక చదువు ఆపేసిన కలెంద్ ఒసెన్ అనే ఆయన 1977లో ఇక్కడ మొదటి బడి పెట్టాడు. అంతకుముందు పరీక్షకి సాయం కోసం వెతుక్కుంటూ వచ్చిన ఇద్దరు కాలేజీ విద్యార్థులకి మసీదు అరుగు మీద నాలుగైదు రోజులు పాఠం చెప్పాడు. వాళ్లు పరీక్ష గట్టెక్కారు, ఆ మాట నోటా నోటా పాకింది.

ఈ ఊరికి పుస్తకాల్లో ఇంకో పేరుంది. 1950ల మొదట్లో క్లిఫర్డ్ గీర్ట్జ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ఇక్కడ మకాం పెట్టి, తన రాతల్లో పారెని 'మొజొకుతొ' అని మారుపేరుతో పిలిచాడు. ఎదుటి మనిషి ఎవరన్నదాన్నిబట్టి జావా భాషలో మాటకి మాటే ఎలా మారిపోతుందో 1960లో వచ్చిన ఆయన పుస్తకం బయటి లోకానికి వివరంగా చెప్పింది. ఆ సంగతులు ఆయన ఈ ఊళ్లో, ఈ అరుగుల మీదే విన్నాడు. జావా మాటల మర్యాద తెలుసుకోవడానికి ఒకప్పుడు ఇంగ్లీషు మాట్లాడేవాడు వచ్చిన ఊరికి, ఇప్పుడు ఇంగ్లీషు కోసం దేశం నలుమూలల పిల్లలు వస్తున్నారు. సురబాయలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను ఇక్కడికి చాలాసార్లు వెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ ఈ సంగతి నన్ను పట్టి కుదిపేది.

ఒక సాయంత్రం రిటైరైన ఒక టీచరమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ముప్ఫై ఐదేళ్లు ఇండోనేసియా భాష బోధించిన మనిషి. ఎదురుగా ఆమె పాత శిష్యుడు, ఇప్పుడు ఇంగ్లీషు బడి నడుపుతున్నాడు. అతను ఆమెని 'బూ' అని పిలుస్తాడు. అమ్మ అని అర్థం, టీచర్లనీ పెద్దవాళ్లనీ అలాగే పిలుస్తారు. ఆమె పదిమందిలో అతన్ని 'మాస్' అంటుంది, అన్న అని. మనసు మెత్తబడినప్పుడు మాత్రం 'లె' అంటుంది. మగపిల్లల్ని జావా తల్లులు పిలిచే పిలుపది, మన 'ఒరే నాన్నా' లాంటిది. వాళ్లు మాట్లాడుకున్నది ఇండోనేసియా భాషలో. దాన్ని నేను తెలుగులో పెడుతున్నాను.

మాస్: బూ, 2027 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు తప్పనిసరి. 2013లో పాఠ్యప్రణాళిక మార్చి చిన్న బడుల్లోంచి ఇంగ్లీషుని పక్కకి నెట్టేసినప్పుడు నేనెంత కుమిలిపోయానో మీకు తెలుసు కదా. పద్నాలుగేళ్లు పోయాయి.

బూ: ఆ రోజు నేను మాత్రం హాయిగా నిద్రపోయాను. మూడో తరగతి పిల్లకి సొంతంగా నాలుగు వాక్యాలు కుదురుగా రాయడమే రాదు. ఇంకో భాష నెత్తిన పెడితే రెండూ అరకొరే. సరే, పెట్టారనుకో, చెప్పేదెవరు? ఊరి బడిలో ఉన్న ఆ ఒక్క టీచరే కదా. రాని భాషలో పాఠం చెప్పిస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

మాస్: ఆ 'అంతర్జాతీయ స్థాయి' బడుల సంగతేగా?

బూ: అదే. లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులో చెప్పాలని మా బడికి ఉత్తర్వు వచ్చింది. మా లెక్కల మేష్టారు గుర్తున్నాడా? భిన్నాలు చెప్పాలంటే కొబ్బరికాయ తెచ్చి బల్లమీద పగలగొట్టేవాడు. పిల్లలు నవ్వుతూ నేర్చుకునేవాళ్లు. ఉత్తర్వు వచ్చాక ఆయన కొబ్బరికాయ తేవడం మానేశాడు. పగలగొడుతూ చెప్పాల్సిన మాటలు ఇంగ్లీషులో రావు కదా! బోర్డు మీద పుస్తకంలోని వాక్యం రాసి, 'ఓకే?' అని వెనక్కి తిరిగేవాడు. పిల్లలు 'ఓకే' అనేవాళ్లు. ఏడాదంతా ఆ గదిలో వినిపించిన ఇంగ్లీషు అదే. ఆయన సిగ్గుపడుతూ స్టాఫ్‌రూమ్‌లోకి రావడం నేను రోజూ చూశాను. 2013 జనవరిలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ బడులకి ఆధారమైన చట్ట నిబంధనని కొట్టేసింది. ఆ తీర్పు చదివి నేను ఏడ్చాను.

మాస్: తీర్పు సరైనదే బూ. ఆ బడులకి ఫీజు కట్టగలిగినవాళ్లే వెళ్లారు. కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. సర్కారు బడిలో ఇంగ్లీషు పోయింది. జకార్తాలో డబ్బున్నవాళ్ల బడుల్లో పోయిందా? అక్కడ నర్సరీ నుంచే ఉంది. ఆ పిల్లలకి నా బడి అక్కర్లేదు. నా దగ్గరికొచ్చేది తూర్పు దీవుల్లోని బీమా అనే ఊళ్లో చేపలు పట్టేవాడి కొడుకు. విదేశీ చదువుకి సర్కారు స్కాలర్‌షిప్ ఉందని విన్నాడు, దానికి ఇంగ్లీషు పరీక్షలో ఇన్ని మార్కులు రావాలని తెలుసుకున్నాడు. ఓడెక్కి, బస్సెక్కి, మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చాడు. పదో తేదీ బ్యాచ్‌లో చేరాడు. ఇంగ్లీషు వద్దని వాడికి ఎవరు చెబుతారు? అది ఇప్పటికే వచ్చినవాళ్లు, లేదా దాంతో పని పడనివాళ్లు చెప్పే మాట.

ఆమె వెంటనే జవాబివ్వలేదు. ఆ మాట ఆమెకి తగిలింది, నాకూ తగిలింది.

బూ: నేను వద్దనలేదు. తొందరెందుకని అడుగుతున్నాను. ఏటేటా ఒక కంపెనీ దేశాలకి ఇంగ్లీషు ర్యాంకులిస్తుంది. మనం కింది వరసలో ఉన్నామని పేపర్లు గగ్గోలు పెడతాయి. ఆ కంపెనీ అమ్మేదే ఇంగ్లీషు కోర్సులు! మనకి సిగ్గనిపిస్తే వాళ్లకి గిరాకీ. అసలు మనకెందుకు సిగ్గు? పదిహేడు వేల దీవులు, ఏడు వందల పైచిలుకు భాషలు. ఇన్నింటి మధ్య ఒక్క తుపాకీ పేలకుండా అందరూ ఒక భాష ఒప్పుకున్న దేశం ఇంకోటి చూపించు. 1928 అక్టోబరు 28న కుర్రాళ్లు జకార్తాలో కూడి ప్రమాణం చేశారు, ఒకే ఐక్య భాషని నిలబెడతామని. అప్పటి జనంలో జావావాళ్లం దాదాపు సగం. మన భాషనే రుద్దొచ్చు. రుద్దలేదు. కొద్దిమందికి మాత్రమే ఇంటిభాష అయిన మలయుని తీసుకుని, ఇండోనేసియా భాష అని పేరు పెట్టుకున్నాం. పెద్దవాడు తన వాటా వదులుకుంటేనే ఇల్లు నిలబడింది.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక సంగతి చెప్పాలి. మనకి ఇంగ్లీషు పాలించినవాడు వదిలివెళ్లిన భాష. ఇండోనేసియాని పాలించింది డచ్చివాళ్లు, వాళ్లు తమ భాషని కొద్దిమంది పెద్దింటి పిల్లలకే నేర్పారు. స్వాతంత్య్రం వచ్చాక డచ్చి ఆఫీసుల్లోంచీ బడుల్లోంచీ తప్పుకుంది. బడుల్లో విదేశీ భాషగా ఇంగ్లీషుని ఎంచుకున్నారు. ఇంగ్లీషు అక్కడ పాత గాయం కాదు. కోర్టులో, శాసనసభలో, విశ్వవిద్యాలయంలో దాని అవసరం లేకుండానే ఆ దేశం నడుస్తుంది. ఒక న్యాయవాది జీవితమంతా ఇండోనేసియా భాషలోనే వాదించి, వృద్ధాప్యంలో తృప్తిగా కన్నుమూయగలడు. అందుకే వాళ్ల వాదులాట మనది కాదు. మన వాదనల్ని దానిమీద పరిస్తే ఏమీ అర్థం కాదు.

మాస్: నాకూ గర్వమే బూ. 2023 నవంబరులో యునెస్కో తన సర్వసభ్య సమావేశానికి మన భాషని పదో అధికార భాషగా తీసుకుంటే, నా బడి గోడమీద ఆ వార్త అంటించాను. కానీ గర్వం ఓడ దాటించదు. మా వీధిలో ఒకావిడ హాంకాంగ్‌లో ఇంటిపనికి వెళ్లింది. వారానికొక రోజు సెలవు ఆమె హక్కని రాసిన కాగితం రెండేళ్లు ఆమె సంచిలోనే ఉంది. ఇంగ్లీషులో ఉంది.

బూ: అందుకేగా 2009లో చట్టం వచ్చింది! ఇండోనేసియావాళ్లు కుదుర్చుకునే ఒప్పందం మన భాషలో ఉండి తీరాలని. ఇంగ్లీషులో మాత్రమే రాసుకున్న అప్పు పత్రాన్ని 2013లో జకార్తా కోర్టు చెల్లదంది, 2015లో సుప్రీంకోర్టు కూడా అదే అంది.

మాస్: హాంకాంగ్ వంటింట్లో ఆ చట్టం ఎవరు చదువుతారు బూ?

(ఇద్దరూ కాసేపు ఊరుకున్నారు. పక్కిల్లు ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల బస, 'క్యాంపు' అంటారు. దాని వసారాలో పిల్లలు వల్లె వేస్తున్నారు, గో, వెంట్, గాన్. అరుగు దాకా వినిపిస్తోంది.)

బూ: అదిగో, విను. 'వెంట్' దగ్గర గొంతులు ఎలా తడబడుతున్నాయో. మన క్రియకి కాలం లేదు. నిన్న వెళ్లు, రేపు వెళ్లు, అంతే, 'నిన్న', 'రేపు' అన్న మాటే పని చేస్తుంది. అయిపోతే 'సుదా', ఇంకా కాకపోతే 'బెలుం'. పెళ్లయిందా అని అరవై ఏళ్ల బ్రహ్మచారిని అడుగు, 'లేదు' అనడు, 'బెలుం' అంటాడు. ఇంకా కాలేదట! తలుపు మూయడు. ఆ పిల్లలు నీ బడిలో 'నో' అనడం నేర్చుకుంటారు.

మాస్: 'నాట్ యెట్' కూడా నేర్పుతాను బూ. మీరు ఒక పక్కే చూస్తున్నారు. మనకి 'కిత' ఉంది, 'కామి' ఉంది. నీతో కలిపి అయితే కిత, నిన్ను వదిలి మా వరకే అయితే కామి. ఇరవై ఏళ్లు ఆ రెండూ మాట్లాడాను, తేడా ఉందనే స్పృహ లేదు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే 'వుయ్'. మొదటిసారి ఇంగ్లీషులో ఉత్తరం రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. చదివేవాడు ఈ 'వుయ్'లో ఉన్నాడా లేడా? అప్పుడు తెలిసింది, మన భాషలో ఏముందో. ఇంకో ఊరు వెళ్లొస్తే గానీ మన ఇంటి వాసన మనకి తెలియదు.

(మనం, మేము. మనకీ ఉన్నాయి. అతను 'కిత, కామి' అంటుంటే నేను లోపల తెలుగులో తల ఊపుతున్నాను. ఇంత దూరపు దీవిలో, చుట్టరికం లేని భాషలో, మన తేడానే ఇంకొకరు చెబుతుంటే ఒళ్లు జలదరించింది. ఆ భాషలో మనకి తెలిసిన ముఖాలు ఇంకా ఉన్నాయి. భాష అక్కడ 'బహస'. కథ 'కత' అయి 'మాట' అనే అర్థం తెచ్చుకుంది. విచారం 'బిచర' అయి మాట్లాడటం అయింది. చింత అక్కడా చింతే, కానీ అర్థం ప్రేమ.)

బూ: బాగా చెప్పావు. కానీ నీ పిల్లలందరూ నీలాగా ఇంటికి తిరిగి రారు. దక్షిణ జకార్తా కుర్రాళ్లని విను. వాక్యం మనది, మధ్యలో 'విచ్ ఈజ్', 'లిటరల్లీ'. చెప్పడానికి మాట లేక కాదు, చెప్పేవాడు ఎవరో తెలియాలని. మన భాషా సంస్థ మంచి మాటలు కట్టిచ్చింది. 'డౌన్‌లోడ్'కి 'ఉందుహ్' అంది. ఆ మాట ఎక్కడిదో తెలుసా నీకు?

మాస్: మన జావా మాటే కదా.

బూ: జావాదే. చెట్టునుంచి పండు కోయడం! మా నాన్న మామిడికాయలు కోయడానికి చెట్టెక్కితే 'ఙుందుహ్' అనేవాళ్లం. పెళ్లయ్యాక కోడల్ని మొదటిసారి మగపెళ్లివారింటికి తెచ్చుకునే వేడుకని 'ఙుందుహ్ మంతు' అంటాం. కోడల్ని కోసి తెచ్చుకుంటాం, పండులాగా, జాగ్రత్తగా. ఇప్పుడు ఆకాశంలో ఎక్కడో ఉన్న పాటని ఫోనులోకి తెచ్చుకోవడానికి అదే మాట. మొదటిసారి ఆ మాట చదివిన రోజు బడిలో పిల్లలకి చెట్టు బొమ్మ గీసి చూపించాను. పైనున్నది కిందికి, మన చేతిలోకి. ఇంతకంటే అందంగా ఇంగ్లీషు చెప్పగలదా? దించిన బరువు అని మాత్రమే చెబుతుంది.

ఆమె కళ్లు మెరిశాయి. తన పనిని అంతగా ప్రేమించిన టీచరుని నేను ఎక్కువమందిని చూడలేదు. (ఆ 'ఙు' చూశారా? మన అక్షరమాలలో ఎప్పటినుంచో నిద్రపోతున్న ఙకి అక్కడ రోజూ పనుంది.)

మాస్: 'ఉందుహ్' నేనూ వాడతాను బూ. నా బడిలో మాత్రం కాదు.

బూ: నీ బడిలో కుదరదుగా. గేటుకి 'ఇంగ్లీష్ ఏరియా' అని బోర్డు కట్టావు. లోపల మన భాషలో ఒక్క మాట దొర్లితే డబ్బాలో నాణెం వెయ్యాలి. ఆకలేస్తోందని మన భాషలో అన్నందుకు నిన్న ఒక పిల్ల డబ్బు కట్టింది. ఆ పిల్ల నాకు ఎదురొచ్చి చెప్పింది. ఇండోనేసియాలో, ఇండోనేసియా భాషకి జరిమానా! నేర్పు, ఎంతైనా నేర్పు. కానీ ఒక భాష నేర్పడానికి ఇంకో భాషని నేరం చేస్తావా?

అతను తల వంచుకున్నాడు. తప్పు ఒప్పుకుంటాడని అనుకున్నాను. తలెత్తినప్పుడు అతని ముఖంలో వేరే ఏదో ఉంది.

మాస్: బూ, ఒక మాట చెబితే బాధపడరుగా? ఏడో తరగతిలో, మొదటి వారం, మీరు నన్నొక ప్రశ్న అడిగారు. నేను జావాలో జవాబు చెప్పాను. మా ఇంట్లో అదొక్కటే భాష. మీరు నన్ను గంట కొట్టేదాకా నిలబెట్టారు. 'ఇది క్లాసు, పొలం కాదు' అన్నారు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. క్యాంపు పిల్లల వల్లింపు కూడా ఆగిపోయింది, భోజనాల వేళ అయినట్టుంది.

బూ: అన్నాను. నీ ఒక్కడితోనే కాదు నాన్నా, చాలామందితో అన్నాను. నన్నూ అలాగే నిలబెట్టారు. నాకు పదిహేనేళ్లప్పుడు, 1972లో, కొత్త స్పెల్లింగ్ వచ్చింది. నా పేరు మొదట్లో 'టీ', 'జే' అని రెండక్షరాలు ఉండేవి, వాటి బదులు ఒక్క 'సీ' వచ్చింది. రిజిస్టర్‌లో కొత్త పేరు చూసి నేను కొత్త మనిషినైపోయాననుకున్నాను. జావా అంటే మా తాతల కాలం, ఇండోనేసియా భాష అంటే నేను. అంత నమ్మకంగా అనుకున్నాను.

మాస్: మీ మీద కోపంతో చెప్పలేదు బూ. నా డబ్బా ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాను. 1980 జనాభా లెక్కల్లో ఇంట్లో ఇండోనేసియా భాషే మాట్లాడతామన్నవాళ్లు నూటికి 12 మంది. 2010కి ఇరవై దగ్గరికి వచ్చారు. ఆ పెరుగుదల ఎవరి వాటాలోంచి? ఇంగ్లీషు వాటాలోంచి కాదు. ప్రాంతీయ భాషల్ని గౌరవించి కాపాడతామని రాజ్యాంగం 32వ అధికరణంలో రాసుకున్నాం. మీరూ కాపాడలేదు, నేనూ కాపాడలేదు.

నాకు ఈ వాదంలో అసలు ముడి ఇక్కడే విడినట్టు అనిపించింది. ఇంగ్లీషు రాకపోతే పరీక్ష పోతుంది. ఇండోనేసియా భాష రాకపోతే ఉద్యోగం పోతుంది. జావా భాష రాకపోతే బతుకులో ఏమీ ఆగిపోదు, ఎవరూ అడగరు. ఎనిమిది కోట్ల దాకా మనుషులు మాట్లాడే భాష అది. అయినా ఏ గేటు ముందూ దానికి బోర్డు లేదు. భాషలు అంతరించడమంటే మారుమూల అడవిలో ఆఖరి ముసలమ్మతో జరిగేదని అనుకుంటాం. ఇక్కడ మాత్రం నిండు ఇంట్లో, అందరూ బతికుండగానే, భోజనాల దగ్గర జరుగుతోంది.

బూ: పూర్తిగా నా నేరం అనకు. జావా భాషకి కూడా ఒక కటువు ఉంది. 'తినడం' తీసుకో. తోటివాడు తింటే 'మఙన్', నా గురించి పెద్దవాళ్లతో వినయంగా చెప్పుకుంటే 'నెడొ', పెద్దవాళ్లు తింటే 'డహర్'. పడుకోవడానికి మూడు, వెళ్లడానికి మూడు, ఇంటికి మూడు. నాకు ఏడేళ్లప్పుడు మా నాయనమ్మ 'తిన్నావా' అని అడిగితే, గౌరవంగా ఉండాలని 'నేను డహర్ చేశాను' అన్నాను. నన్ను నేనే గౌరవించుకున్నాను! అరుగు మీదున్న పెద్దలంతా పడీపడీ నవ్వారు. ఆ ఇంట్లో నేను ఏడాదిపాటు నోరు విప్పలేదు. తర్వాత బడిలో ఇండోనేసియా భాష దొరికింది. అందులో అందరికీ 'మకన్' ఒక్కటే, జమీందారుకీ కూలికీ. ఎంత హాయి! 1928లో వాళ్లు జావా భాషని ఎందుకు ఎంచుకోలేదో నాకు ఆ రోజే తెలిసింది.

(తెలుగువాడికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. 'నేను ఆరగించాను' అని ఒక పిల్ల తన గురించి తను అంటే మన అరుగు మీదా నవ్వులే.)

మాస్: 1917లోనే సురబాయలో ఒక ఉద్యమం లేచింది కదా బూ, ఈ అంతస్తులు తీసేసి అందరితో ఒకటే జావా మాట్లాడదామని.

బూ: లేచింది, నిలవలేదు.

మాస్: మా మామగారిది సోలో ఊరు. అక్కడి జావా ఎంత సున్నితమో మీకు తెలుసు. పెళ్లయి ఆరేళ్లయినా నేను ఆయనతో ఇండోనేసియా భాషలోనే మాట్లాడతాను. గౌరవం లేక కాదు, తప్పు దొర్లుతుందేమో అని. ఆయనేమో నేను దూరం పెడుతున్నానని అనుకుంటాడు. ఇంగ్లీషులో వెయ్యి తప్పులు చేశాను, ఒక్కసారీ సిగ్గుపడలేదు. 'తప్పులు చెయ్యండి, తప్పులు చేస్తేనే వస్తుంది' అని రోజూ పిల్లలకి చెబుతాను. జావాలో మాత్రం తప్పు చేసే హక్కు మనకి ఎవరూ ఇవ్వలేదు.

బూ: (మెల్లగా) ఇవ్వలేదు. నిజమే.

అప్పుడే ఫోన్ మోగింది. జకార్తా నుంచి మనవరాలు, ఆరేళ్లుంటాయి. తెరమీద చిన్న ముఖం, ముందు రెండు పళ్లు లేవు. 'గ్రాండ్‌మా, హ్యావ్ యూ ఈటెన్?' అంది. పళ్లు లేకపోయినా ఉచ్చారణ తప్పు పట్టడానికి లేదు. టీచరమ్మ 'సుదా, సుదా' అని నవ్వింది. తర్వాత ఆమె ఏదో అడిగింది, పిల్లకి అర్థం కాలేదు. పక్కనుంచి వాళ్లమ్మ ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. పిల్ల జవాబిచ్చింది. ఈసారి అర్థం కాక నాయనమ్మ శిష్యుడి వైపు చూసింది. అతను దాన్ని ఇండోనేసియా భాషలోకి మార్చి చెప్పాడు. ఒక రక్తం పంచుకున్న ఇద్దరి మధ్య ఇద్దరు దుబాసీలు. ఫోన్ పెట్టేశాక ఆమె దాన్ని కొంగుతో తుడిచింది, తెరమీద మరకేమీ లేకపోయినా.

మాస్: బూ, నేను డబ్బా తీసేస్తాను.

బూ: తీసెయ్. బోర్డు ఉండనీ. ఇంగ్లీషు మాట్లాడే చోటు ఒకటి ఉండాలి. దానికి తోడు రాత్రి భోజనాల వేళ ఎవరి ఊరి భాష వాళ్లని మాట్లాడుకోనీ. బీమా పిల్లాడికి తన భాషలో తినడాన్ని ఏమంటారో నువ్వెప్పుడైనా అడిగావా?

మాస్: అడగలేదు.

బూ: నేనూ ఎప్పుడూ అడగలేదు. ముప్ఫై ఐదేళ్లు.

మాస్: మీరు వచ్చి వారానికొక గంట మా పిల్లలకి జావా చెప్పండి బూ.

బూ: చెబుతాను. కానీ నాకు మూడో తరగతిలో ఇంగ్లీషు ఇంకా ఇష్టం లేదు. అది వేరే సంగతి.

మాస్: నాకు ఇష్టమే. అదీ వేరే సంగతే.

చీకటి పడింది. కెలుద్ కొండ వైపు నుంచి చల్లగాలి మొదలైంది. అరటాకులో చుట్టిన పెచెల్ పొట్లాలు లోపల్నుంచి తెచ్చింది ఆమె. ఉడికిన ఆకుకూరల మీద వేరుశనగ కారం, పక్కన టెంపే అనే పులిసిన సోయా ముద్దతో చేసిన తుంపంగ్. నా ముందొకటి పెట్టి, శిష్యుడి వైపు తిరిగి జావాలో అంది, తిని వెళ్లు అని.

అతను లేచి నిలబడ్డాడు. బొటనవేలు ముందుకు చాపి, నడుం కొద్దిగా వంచి, ప్రతి మాటనీ వెతుక్కుంటూ అన్నాడు: 'కులొ సంపున్ డహర్, బూ.'

నేను ఆరగించానండీ.

నేను ఆమె ముఖం వైపు చూశాను. స్పెల్లింగులో ఒక్క అక్షరం తప్పినా ఎర్ర సిరాతో దిద్దిన మనిషి. నవ్వలేదు, దిద్దనూ లేదు. పొట్లం దారం విప్పి, ఆకు పరిచి, అతని ముందుకి జరిపింది.

'మొంగ్గొ, డహర్ మలిహ్' అంది. దయచేయండి, మళ్లీ ఆరగించండి.